కూసునేదెవలు?

పోయిన నెల రెండో శనివారం మా ఫ్లాటులో వడ్రంగి పని పెట్టించాను. వారానికి మూడు రోజులు నాకు ఇంటి నుంచే కొలువు. మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని చేసి చేసి నడుము పట్టేసింది. కూర్చునే తీరు మార్చుకోకపోతే మందులతో తగ్గదని డాక్టరు చెప్పాడు. అందుకని ఒక బల్ల. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్, పైన మైకా, కుడిపక్క రెండు సొరుగులు, వైర్లు దిగడానికి వెనక ఒక రంధ్రం. అన్నీ కాగితం మీద గీసి ఉంచుకున్నాను.

వడ్రంగి టేపు లాగి, "ఎత్తెంత పెట్టమంటరు సార్? కూసునేదెవలు?" అని అడిగాడు.

"నేనే" అన్నాను.

క్షణం కూడా ఆలోచించలేదు. అతను నన్ను నిలబెట్టి, తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి మోచేతి ఎత్తు కొలిచాడు. ముప్పై అంగుళాలు అని పెన్సిలుతో గోడ మీద రాసుకున్నాడు. అదే గదిలో నా భార్య బట్టలు మడత పెడుతోంది. ఆమె ప్రైవేటు స్కూల్లో టీచరు. 2020లో బడులు మూతపడ్డప్పుడు వంటగట్టు మీద పప్పు డబ్బాకు ఫోను ఆనించి, పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా ఏడో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పింది. ఇప్పటికీ పరీక్ష పేపర్లు మంచం మీదే దిద్దుతుంది. ఆమె ఐదడుగుల మనిషి. ముప్పై అంగుళాల బల్లకు సరిపోయేలా కుర్చీ పైకెత్తితే పాదాలు నేలకానవు. ఇదంతా నాకు తెలుసు. పదహారేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. అయినా వడ్రంగి అడిగినప్పుడు నాకు నేనొక్కణ్నే గుర్తొచ్చాను.

బల్ల వేయాల్సిన చోటు హాలు కిటికీ పక్క. వెలుతురు బాగుంటుంది, స్విచ్ బోర్డు దగ్గర, రూటరు కూడా అక్కడే. కానీ అది అమ్మ చోటు. బాపు పోయాక ఊరు విడిచి మా దగ్గరికి వచ్చినప్పటి నుంచి పొద్దున పది దాటితే అమ్మ ఆ కిటికీ కింద చాప పరుచుకుని కూర్చుంటుంది. ఆకుకూర ఏరుతుంది, బియ్యంలో రాళ్లు తీస్తుంది, దీపానికి వత్తులు చేస్తుంది. ఆ చోటు ఎందుకు ఎంచుకుందో నేనెప్పుడూ అడగలేదు. అడగనవసరం లేకుండానే నాకు తెలిసి ఉండాల్సింది. మా ఊళ్లో ముప్పై ఏళ్లు ఆమె దర్వాజ పక్క, వెలుగు పడే జానెడు జాగలోనే కూర్చుని బీడీలు చుట్టింది. చేతిపని చేసేవాళ్లకు వెలుగు ఎటునుంచి వస్తుందో ముందు తెలుస్తుంది.

నేను అడిగే లోపే అమ్మ చాప మడిచేసింది. "నీ కొలువు ముఖ్యం కొడుకా, నాకేముంది, ఏడ కూసున్న ఒక్కటే" అంది. నేను సరే అన్నాను.

మాది జగిత్యాల జిల్లాలో ఒక పల్లె. నిజామాబాద్, కామారెడ్డి, సిరిసిల్ల, నిర్మల్, అటంతా అదే బతుకు. మగవాళ్లు దుబాయికో బొంబాయికో పోతే ఇళ్లు నడిపింది బీడీ. సాయంత్రం కార్ఖానా నుంచి తునికాకు, తంబాకు, దారం తెచ్చుకుంటారు. రాత్రి ఆకు తడిపి బట్టలో మూట కడతారు. పొద్దున ఆకు మీద రేకు పెట్టి కత్తెరతో ఒక కొలతకు కోస్తారు. చాట ఒళ్లో పెట్టుకుని, ఒక్కో ఆకులో తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడిచి, ఇరవై అయిదింటికో కట్ట కడతారు. కూలి వెయ్యికింత. టేకేదారు చూసి నచ్చని బీడీలు పక్కకు తీసేస్తే వాటికి కూలి ఉండదు. ఇచ్చిన ఆకు తక్కువ పడితే పైసలు పెట్టి కొనుక్కుని లెక్క నింపాలి. మెడ వంచితే మధ్యాహ్నం దాకా ఎత్తేది లేదు. మధ్యలోనే పొయ్యి, నీళ్లు, బర్రె, మేం. తంబాకు దుమ్ము ముక్కులోకి పోయేది, వేళ్ల చర్మంలోంచి లోపలికి ఇంకేది. అమ్మ మాకు అన్నం కలిపి పెట్టేటప్పుడు చేతులు రెండుసార్లు తోముకునేది. అయినా ముద్దకు ఆ వాసన ఉండేది.

ఇంటి నుంచి పని అనే మాట 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో పుట్టిందని మా ఆఫీసులో ఎవరన్నా అంటే నేను తల ఊపాను. అమ్మ ముప్పై ఏళ్లు చేసింది అదే పని అని ఒక్కసారీ చెప్పలేదు. ఆ ఏడాది నేను పనిచేసే కంపెనీ బల్లకూ కుర్చీకీ భత్యం ఇచ్చింది. బిల్లు పెట్టాను, పైసలు వచ్చాయి, వేరే ఖర్చుకు వాడుకున్నాను. నాతో పాటు మా పల్లెల నుంచి వచ్చి హైదరాబాదులో ఇదే పని చేస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు. మాలో సగానికి పైగా బీడీలు చుట్టిన తల్లుల కొడుకులం. కలిసినప్పుడు కుర్చీల గురించి మాట్లాడుకుంటాం. నడుముకు ఆసరా ఎక్కడ ఉండాలి, మానిటరు కంటికి ఎంత ఎత్తులో ఉండాలి, మోచెయ్యి ఎంత వంగాలి అన్నీ మాకు తెలుసు. మా అమ్మల మెడలు ఎందుకు అట్లా ముందుకు వంగిపోయాయో మేం ఒక్క రోజూ మాట్లాడుకోలేదు.

ఇది పట్టనితనం మాత్రమే కాదు, అంతకంటే పెద్ద తప్పు. అమ్మల పనిని మేం పని కింద లెక్క వేయలేదు. నన్ను ఇంజనీరింగులో చేర్చేటప్పుడు ఫారంలో తల్లి వృత్తి అని ఉన్నచోట 'గృహిణి' అని నా చేత్తో రాశాను. ఫీజులో సగం అమ్మ కట్టిన కట్టల్లోంచి వచ్చింది. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర సంక్షేమ నిధి నుంచి వచ్చే స్కాలర్‌షిప్పు హైస్కూల్లో నేనూ తీసుకున్నాను. ఆ దరఖాస్తులో మాత్రం బీడీ కార్మికురాలు అని రాశాను. పైసలు వచ్చే కాగితం మీద ఆమెను కార్మికురాలిని చేశాను, పరువు చూసుకునే కాగితం మీద దాచాను.

చట్టాలు లేక కాదు. బీడీ, చుట్ట కార్మికుల కోసం 1966లోనే చట్టం వచ్చింది. ఇంట్లో కూర్చుని చుట్టే మనిషినీ ఆ చట్టం కార్మికురాలిగానే చూసింది. 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది, దానికోసం బీడీల మీద సెస్సు వేశారు. వైద్యం, పిల్లల చదువు, ఇల్లు వంటివాటికి ఆ నిధి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు ఆ సెస్సు పోయింది. ఆ రోజుల్లో నేను, నాలాంటి మరికొందరం, కంపెనీల బిల్లింగ్ సాఫ్ట్‌వేరును జీఎస్టీకి మార్చే పనిలో రాత్రింబగళ్లు ఉన్నాం. కొత్త పన్ను ఏయే సెస్సుల్ని మింగిందో మాకు వరుసగా తెలుసు. ఆ నిధితో చదువుకున్నవాళ్లం, ఇకపై దాన్ని ఎట్లా నింపుతారని అడుగుతూ ఒక్క ఉత్తరం రాయలేదు. ఇంట్లో పనిచేసే కార్మికుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ నంబరు ఒప్పందం చేసింది. దాన్ని మన దేశం ఆమోదించలేదు. ఆ ఒప్పందం ఒకటి ఉందని నాకు నలభై ఏళ్లు దాటాక తెలిసింది.

బీడీని వెనకేసుకు రావడానికి ఇది రాయడం లేదు. అది తాగేవాళ్ల ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. మా పెద్దబాపు అట్లనే పోయాడు. పొగాకు పెట్టెల మీద 85 శాతం బొమ్మ హెచ్చరిక ఉండాలన్న నిబంధన 2016 ఏప్రిల్‌లో అమలైనప్పుడు అది సరైనదే అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఆ రోజుల్లో మా ఊరి కార్ఖానా కొన్నాళ్లు మూతపడింది. అమ్మ ఫోను చేసి, "పని బంద్ పెట్టిండ్రు కొడుకా, ఆడోళ్లందరు రోడ్డు మీద కూసున్నరు" అని చెప్పింది. నేను పైసలు పంపాను. చుట్టడం ఆగిపోతే ఈ చేతులకు ఇంకేం పని దొరుకుతుంది అని నేనూ, నా స్నేహితులూ కూర్చుని ఆలోచించలేదు. రోడ్డు మీద కూర్చున్న ఆడవాళ్ల పక్కన వాళ్ల చదువుకున్న కొడుకు ఒక్కడు కూర్చున్నట్టు నేను వినలేదు. నేను మాత్రం కూర్చోలేదు. తల్లికి పైసలు పంపడంతో బాధ్యత తీరిందనుకున్నాం.

ఆ శనివారం సంగతికే వస్తాను. పొద్దున తొమ్మిదికి మొదలైన వడ్రంగి పని ఆదివారం చీకటి పడేదాకా సాగింది. ఆ రెండు రోజులూ నేను ఇంట్లో పెద్ద పనిలో ఉన్నానన్న భావనతో తిరిగాను. మైకా రంగు ఎంచాను, సొరుగు పిడి ఎక్కడ రావాలో చూపించాను, మధ్యలో రెండు ఆఫీసు కాల్స్ మాట్లాడాను. ఆదివారం రాత్రి కొత్త బల్ల ముందు కూర్చుని, ఈ రెండు రోజుల్లో ఇంట్లో జరిగిన పనులన్నీ ఒక కాగితం మీద రాయాలనిపించింది. ఎందుకు అనిపించిందో చెప్పలేను. బహుశా హాల్లో దీపం కింద చాప లేకుండా సోఫా అంచున ఒదిగి కూర్చున్న అమ్మను చూసినందువల్ల కావచ్చు. గ్యాస్ సిలిండరు వస్తే ఓటీపీ చెప్పి దించుకున్నది నా భార్య. స్క్రూలు తక్కువ పడ్డాయంటే, ఫెవికాల్ అయిపోయిందంటే, పొడవైన ఎక్స్‌టెన్షన్ బాక్సు కావాలంటే మూడుసార్లు హార్డ్‌వేరు షాపుకు వెళ్లింది కూడా ఆమే. మా పాప సైన్సు ప్రాజెక్టుకు చార్టు, థర్మాకోల్. వడ్రంగికీ అతని చేతికింద పిల్లాడికీ టీలు, మధ్యాహ్నం అన్నం. కూరగాయలు. ఇస్త్రీ బట్టలు. రంపపు పొట్టు ఊడవడం, అది రెండు రోజుల్లో ఎన్నిసార్లో. అమ్మ బీపీ మాత్రలు అయిపోతే అమ్మే నడిచి వెళ్లి తెచ్చుకుంది. నా పేరు పక్కన రాయదగినవి రెండే పనులు. వాటిలో ఒకటి నా బల్లే.

2024లో దేశమంతటా చేసిన కాల వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు దానికి పెడుతున్నారనీ, మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారనీ తేలింది. ఆ అంకెలు పేపర్లో వచ్చినప్పుడు చదివి, దేశం ఇంకా మారాలి అనుకున్నాను. దేశం అంటే నా కాగితం మీద రాసిన ఆ రెండు రోజులే.

ఇక అన్నిటికంటే బరువైనది చెప్పాలి. ఆ కాగితం చివర, చేయకుండా మిగిలిపోయిన పని అని ఒకటి రాశాను. అమ్మ దగ్గర ఒక ప్లాస్టిక్ కవరు ఉంది. అందులో కార్ఖానా ఇచ్చిన గుర్తింపు కార్డు, పీఎఫ్ చీటీలు, ఆధార్ నకలు. కార్ఖానా రిజిస్టరులో అమ్మ పేరు ఒకలాగా, ఆధార్‌లో ఇంకోలాగా ఉంది. పుట్టిన సంవత్సరం కూడా కలవదు. అందువల్ల ఆమె ముప్పై ఏళ్ల కూలిలోంచి కోసిన పీఎఫ్ సొమ్ము ఇప్పటికీ చేతికి రాలేదు. జాయింట్ డిక్లరేషన్ అనే ఫారం నింపి, కార్ఖానా సంతకం తెచ్చి, ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. మా ఊళ్లో ఇట్లాంటి ఆడవాళ్లు వాడకు పదిమంది ఉంటారు. అమ్మ ఆ కవరును ప్రతి దసరాకు ఊరి నుంచి తెచ్చి నా ముందు పెట్టేది. మా దగ్గరికి వచ్చేశాక బీరువా మీద పెట్టింది. నాలుగేళ్లయింది.

నేను బతుకుదెరువుకు చేసే పని ఏమిటో రాయకపోతే ఈ ఆత్మవిమర్శ అబద్ధం అవుతుంది. ఒక డేటాబేసులో ఒక తీరుగా, ఇంకో డేటాబేసులో మరో తీరుగా ఉన్న పేర్లను, పుట్టిన తేదీలను సరిపోల్చి ఒకే మనిషివని తేల్చే ప్రోగ్రాములు రాస్తాను. విదేశీ బ్యాంకుల ఖాతాదారుల కోసం ఈ పదిహేనేళ్లలో ఎక్కువ కాలం అదే చేశాను. నేనొక్కణ్నే కాదు, మా జిల్లాల పిల్లలు వందలమంది అదే పనిలో ఉన్నారు. మేమందరం రెండు ఆదివారాలు ఊళ్లో కూర్చుంటే ఆ కవర్లలో చాలావాటి ముడి విడిపోతుంది. మేం కూర్చోలేదు. తీరిక లేదని ఒకరితో ఒకరం చెప్పుకున్నాం. నమ్ముకున్నాం కూడా.

మరుసటి ఆదివారం బల్లను కిటికీ దగ్గర్నించి జరిపి ఎదుటి గోడకు వేశాను. అక్కడ వెలుతురు తక్కువ, దీపం పెట్టుకున్నాను. అమ్మ చాప మళ్లీ కిటికీ కిందికి వచ్చింది. బల్ల కాళ్లు రెండంగుళాలు కోయమని వడ్రంగికి చెప్పాను. ఈసారి నా భార్యను కూర్చోబెట్టి కొలవమన్నాను. నా నడుము కోసమైతే నేను బల్ల కాళ్లకింద ఏమన్నా పెట్టి ఎత్తుకోవచ్చు. ఇంత చిన్న సవరణకు ఇంతకాలం పట్టినందుకు సిగ్గుపడుతున్నాను.

ప్లాస్టిక్ కవరు ఇప్పుడు ఆ బల్ల మీద విప్పి ఉంది. అమ్మ పక్కనే పీట మీద కూర్చుని ఒక్కో చీటీ ఏ ఏడాదిదో చెబుతోంది. చదువు రాకున్నా ఆమె దాచిన లెక్క ఒక్కటీ తప్పలేదు. మా ఊళ్ల నుంచి వచ్చి ఇవాళ బల్లల ముందు కూర్చున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఇంట్లో కూడా అట్లాంటి కవరు ఒకటి బీరువా మీద ఉంటుంది. ఈ వారం దింపండి. మీ అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని విప్పండి.