చెవిటికల్లులో అక్షరములెన్ని?

పూర్వపు కృష్ణాజిల్లా మెట్టప్రాంతమున, నందిగామ వైపున చెవిటికల్లు అను గ్రామము కలదు. 2022లో ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలోనికి ఇప్పుడది చేరినది. ఆ పేరులో అక్షరములెన్ని యని అడిగినచో రెండవ తరగతి బాలుడైనను వ్రేళ్లు మడచి, చె, వి, టి, క, ల్లు, అయిదు అని చెప్పును. ఆ ప్రశ్ననే కంప్యూటరు నడిగినచో సీ భాషలో సాధారణముగా 33 అనియు, పైథాను, జావా భాషలలో 11 అనియు బదులు వచ్చును. స్విఫ్ట్ భాష పాత నియమముల ననుసరించి 6 అనియు, 2023లో మారిన నియమముల ననుసరించి 5 అనియు చెప్పును.

ఇందులో అబద్ధమేదియు లేదు. ఒక్కొక్కటి ఒక్కొక్క వస్తువును లెక్కించినది. 1991లో వెలువడిన యూనికోడ్ పద్ధతిలో హల్లునకు ఒక సంఖ్య, గుణింతపు గుర్తునకు వేరొక సంఖ్య కలవు. చె యనగా చకారమును ఎత్వమును. ల్లు అనగా లకారము, పొల్లు, మరల లకారము, కొమ్ము. ఇట్లు కూడగా పదకొండు. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అను వారు రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో ఈ గుర్తులలో ప్రతిదియు మూడేసి బైట్ల చోటు పట్టును. కనుక ముప్పదిమూడు.

ప్రోగ్రాములు నేర్చు విద్యార్థులు ‘పైథానులో ఎట్లు? జావాలో ఎట్లు?’ అని భాషకొక జవాబు కూడబెట్టుకొనుచుందురు. కొన్నిటి కది తప్పదు. 7ను 2చే భాగించిన సీ భాష 3 అనును, నేటి పైథాను 3.5 అనును. వరుసలో మొదటి వస్తువు సంఖ్య జావాలో 0, ఫోర్‌ట్రాన్‌లో సాధారణముగా 1. ఇట్టివి ఒకసారి పుస్తకము చూచిన తీరును. కాని అక్షరముల లెక్క అట్టిది కాదు. ఏమి లెక్కింపవలెనో తెలియనివానికి పది భాషలు వచ్చినను ప్రయోజనము స్వల్పము.

ముందు నుండి చదివినను వెనుక నుండి చదివినను ఒకటే యగు మాటను గుర్తించు ప్రోగ్రాము వ్రాయుమనుట సర్వత్ర వాడుకలోనున్న అభ్యాసము. ఇంగ్లీషు లిపిలో ‘మలయాళం’ అను మాటను ఇచ్చి పరీక్షింతురు, అది నెగ్గును. తెలుగువారికి అట్టి మాట వేరొకటి కలదు. తెనాలి రామకృష్ణునికి కాళి అనుగ్రహించినదని కథలలో చెప్పుకొను వికటకవి. ఆ మాట నిచ్చినచో మామూలు పైథాను ప్రోగ్రాము అది అట్టి మాట కాదనును! గుర్తుల వరుసను త్రిప్పుటచే చివరి గుడి హల్లును విడిచి మొదటికి వచ్చి, ఆధారము లేక నిలుచును. ముందుగా మాటను అక్షరములుగా విడదీసి, పిమ్మట త్రిప్పవలెను. అట్లు విడదీయు సాధనములు లేకపోలేదు. జావాస్క్రిప్టులోని సెగ్మెంటర్ అట్టిదే. తెలుగు దేశపు తరగతులలో ఈ అభ్యాసమునకు వికటకవినే ఇయ్యవలెను. ఇంగ్లీషు మాటతో నెగ్గిన విద్యార్థికి తన ప్రోగ్రాములోని లోపము ఎన్నడును కనబడదు.

ఊరి పేరును ఇంగ్లీషు లిపిలో వ్రాసిన చిక్కు తీరునని కొందరందురు. నిజమే, అప్పుడు ఏ భాష నడిగినను 12 అనియే చెప్పును. కాని ఆ వ్రాతలో టకారమునకును తకారమునకును ఒకటే అక్షరము. లకారమునకును ళకారమునకును ఒకటే. ప్రశ్న తీరుట కాదు, ఊరి అక్షరములే పోవుట.

ఏదేని ఒక పత్రమున ఊరి పేరునకు 20 బైట్ల గడి యుండెననుకొందము. చెవిటికల్లు అని నింపినచో ఆరు గుర్తులు నిలిచి, ఏడవదానిలో రెండు తునుకలు చదువరాని గీతలై మిగులును. అనగా గ్రామము పోయి ‘చెవిటి’ మాత్రము నిలుచును. ఆ పేరుతో ఉత్తరము వచ్చు గృహస్థునకు నవ్వు రాకపోవచ్చును. గడికి 20 అని నిర్ణయించినవాడు బైట్లను తలచెనో, అక్షరములను తలచెనో ఆ పత్రముపై ఎక్కడను వ్రాసియుండదు.