పెదమద్దాలా, చినమద్దాలా?

కృష్ణా జిల్లా పామర్రు మండలంలో పెదమద్దాలి ఉంది, చినమద్దాలీ ఉంది. పక్కనున్న మొవ్వ మండలంలో పెదముత్తేవి, చినముత్తేవి. డెల్టాలో ఇలాంటి జంట ఊళ్లకు కొదవ లేదు. వాటిని విడదీసి చెప్పేవి మొదటి రెండక్షరాలే. చేతి వైర్‌లెస్ సెట్లో ముందుగా పోయేవీ అవే. బటన్ నొక్కీ నొక్కగానే మాట అందుకుంటే, మాటను అందుకుని దూరానికి పంపే రిపీటరును సెట్టు పట్టుకునేలోగా ‘పెద’ కాస్తా పోయి అవతలివారికి ‘మద్దాలి’ మాత్రమే చేరుతుంది. వరద రోజున పడవ ఏ మద్దాలికి పంపాలి?

ఇప్పుడు డిజిటల్ సెట్ల కాలం. ఎన్ని వాట్లు, ఎన్ని కిలోమీటర్లు అందుతుంది, ఛార్జింగు ఎన్ని గంటలు నిలుస్తుంది, తడిస్తే పాడవుతుందా అన్నవి అమ్మేవారు గుక్క తిప్పుకోకుండా చెబుతారు. సౌండు చాలా క్లియర్ అని కూడా అంటారు. కొట్లో కౌంటరు ఈ చివరి నుంచి ఆ చివరికి మాట్లాడి చూపిస్తే నిజంగానే క్లియర్‌గా ఉంటుంది. ఫ్యాను చప్పుడు తప్ప మరేమీ లేని చోట, పది అడుగుల దూరంలో, ఏ సెట్టయినా బాగానే పలుకుతుంది. మన అవసరం అక్కడ తేలదు.

డిజిటల్ సెట్టు మన గొంతును ఉన్నదున్నట్టు పంపదు. 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో గొంతు శ్రుతి ఎంత, అందులో నాదమెంత ఊపిరెంత, ఏ భాగం ఎంత బలంగా ఉంది అన్న లెక్కలు మాత్రమే పంపుతుంది. అవతలి సెట్టు ఆ లెక్కలతో గొంతును మళ్లీ తయారు చేసుకుంటుంది. ఈ పని చేసేదాన్ని వోకోడర్ అంటారు. డిజిటల్ టెలిఫోను ఎక్స్ఛేంజీ ఒక్కో కాల్‌కు సెకనుకు 64,000 బిట్లు వాడేది. మన దగ్గర ఎక్కువగా దొరికే డీఎంఆర్ రకం సెట్లలో వోకోడర్‌కు దక్కేవి 2,450. దారిలో చెడినవాటిని సరిచేసుకోవడానికి మరో 1,150. అమెరికా పోలీసులు వాడే పీ25 అనే డిజిటల్ రకం మొదటి దశలో మాటకే 4,400 బిట్లు ఇచ్చారు. అయినా అది రెట్టింపు బాగుంటుందని అనుకోవడానికి లేదు, ఎందుకంటే అందులో మొదట పెట్టిన వోకోడర్ పాత తరానిది. అంకెలు చూసి తేల్చుకునే విషయం కాదిది. చెవి పెట్టి వినాల్సిందే.

క, త, ప లాంటి హల్లు పలికేటప్పుడు పెదవి, నాలుక విడివడే చప్పుడు ఒకటి రెండు ముక్కల్లోనే అయిపోతుంది. ఆ ముక్క దారిలో చెడితే సెట్టు వెనకటి ముక్కనే మళ్లీ వినిపిస్తుంది, మరీ చెడితే మూగబోతుంది. సాగదీసి పలికే అచ్చుకు ఈ దెబ్బ అంతగా తగలదు, హల్లు మాత్రం గల్లంతు. పాత ఎఫ్ఎం సెట్లో దూరం పెరిగే కొద్దీ గరగర పెరుగుతుంది, మాట నీరసిస్తుంది. విసుగే కానీ, సిగ్నలు పోతోందని ముందే తెలుస్తుంది, కాస్త గట్టు ఎక్కి మాట్లాడవచ్చు. డిజిటల్ సెట్టు చివరి దాకా శుభ్రంగా పలికి, రెండు మాటలు నీళ్లలోంచి వచ్చినట్టు వినిపించి, ఠక్కున ఆగిపోతుంది. అవతలివాడు విన్నాడో లేదో ఇవతలివాడికి తెలియదు.

చుట్టూ రొద ఉంటే మరీ కష్టం. వోకోడర్‌ను ఒక మనిషి గొంతు కోసం తయారు చేశారు. ఇంజను పడవ మోత, హోరుగాలి కలిస్తే ఏది గొంతో దానికి అంతు పట్టదు. అమెరికాలో అగ్నిమాపక సిబ్బంది ఈ గోడే వెళ్లబోసుకుంటే, అక్కడి ప్రభుత్వ టెలికం సంస్థ ఎన్‌టీఐఏ 2008లో పరీక్షలు జరిపి, కొన్ని రకాల రొదలో డిజిటల్ కన్నా పాత అనలాగే బాగా అర్థమవుతోందని చూపింది. అక్కడ ఆసక్తి ఉన్న పౌరులు పోలీసు, ఫైర్ మాటలు వినే చేతి స్కానర్లది ఇంకో కథ. ఒకే మాటను నాలుగైదు టవర్లు ఒకేసారి పంపుతుంటే, కొంచెం ముందూ వెనకా వచ్చే ఆ సిగ్నళ్లు కలగాపులగమై చాలా స్కానర్లలో మాట ముక్కలైపోయేది. 2018లో వచ్చిన యూనిడెన్ ఎస్‌డీఎస్100 సిగ్నలును పట్టే పద్ధతినే మార్చి ఆ చిక్కును చాలావరకు తగ్గించింది. వోకోడర్ అదే, గాల్లో వచ్చే సిగ్నలూ అదే, సెట్టు మారితే మాట మారింది. మన దేశంలో పోలీసు మాటలు వినే వీలు లేదు, సెట్టు దగ్గర పెట్టుకోవాలన్నా 446 మెగాహెర్ట్జ్ దగ్గరి చిన్న బ్యాండు లాంటి మినహాయింపులు పోను లైసెన్సు కావాలి. కానీ ఆ పోలిక నేర్పేది మనకూ పనికొస్తుంది.

మాట అందకపోతే ఏమవుతుందో మా వైపు వారికి తెలుసు. పామర్రు నుంచి చల్లపల్లి మీదుగా వెళితే దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన 10,000 మందికి పైగా పొట్టన పెట్టుకుంది. తీగలు తెగి, స్తంభాలు కూలి, ఏ ఊరు ఏమైందో బయటి ప్రపంచానికి తెలియడానికే రోజులు పట్టింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాద్‌లోని హామ్ (ఔత్సాహిక) రేడియో సంస్థ ఎన్‌ఐఏఆర్ తరఫున పోర్ట్ బ్లెయిర్ వెళ్లి ఉన్న భారతీ ప్రసాద్ బృందం అండమాన్ క్షేమ సమాచారాలను ఒడ్డుకు చేర్చింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మేడల మీద చిక్కుకున్నవారికి డ్రోన్లతో తిండి పంపారు. ఏ వీధికి, ఏ మేడకు అన్నది మాత్రం ఎవరో ఒకరు నోటితో చెప్పాల్సిందే.

అందుకని నేను కోరేది ఒక్కటే. 2028లో కృష్ణా పుష్కరాలు వస్తాయి, ఆలోగా తుపాన్లూ రాకమానవు. సెట్లు కొనే శాఖలు కొనే ముందు మన ఊళ్ల పేర్లతో వినికిడి పరీక్ష పెట్టాలి. పెద, చిన ఊళ్ల జంటలు, ఆరు ఏడు, పదహారు పదిహేడు లాంటి అంకెలు కలిపి వంద మాటల జాబితా రాసుకోవాలి. ఒకరు ఎదురుమొండి రేవులో ఇంజను ఆడుతున్న పడవలో నిలబడి చదవాలి, అవనిగడ్డలో ఇంకొకరు విన్నది విన్నట్టు కాగితం మీద పెట్టాలి. ఆడవాళ్ల గొంతు, మగవాళ్ల గొంతు, గబగబా మాట్లాడే మత్స్యకారుడి గొంతు, అన్నీ ఉండాలి. రెండు మూడు కంపెనీల సెట్లను అదే చోట, అదే పవరులో, వరసగా మార్చి చూడాలి. చాలా డిజిటల్ సెట్లలో అనలాగ్ కూడా ఉంటుంది, దాన్నీ పరీక్షించాలి. ఒక్క పూట పని, పెద్ద ఖర్చేమీ లేదు.

సెట్టు చేతికిచ్చేటప్పుడు నేర్పాల్సినవీ ఉన్నాయి. బటన్ నొక్కి ఒక్క క్షణం ఆగి మాట్లాడాలి. మైకును బెత్తెడు దూరంలో, గాలికి అడ్డంగా పట్టుకోవాలి. మండలం పేరు ముందు, ఊరి పేరు తర్వాత రెండుసార్లు చెప్పాలి. కోనసీమ జిల్లాలో కూడా ఒక పామర్రు ఉంది కాబట్టి, జిల్లాలు కలిసి పనిచేసే రోజున మా పామర్రు పేరు చెప్పేవారు కృష్ణా జిల్లా అని కూడా కలపాలి. ఇక టెండరు కాగితంలో వాట్ల పక్కన ఇంకో గడి గీయాలి. వంద పేర్లలో ఎన్ని సరిగా అందాయో అందులో రాయించి, దానికి మార్కులు వేశాకే ధర కవర్లు తెరవాలి.