గంజాయి పైరు: లాభ మెవరిది, నష్ట మెవరిది?

మా భిక్నూరు ప్రక్కగా 44వ జాతీయ రహదారి దక్షిణమున హైదరాబాదునకును, ఉత్తరమున నిజామాబాదు మీదుగా నాగపురమునకును పోవుచున్నది. మా వడ్లును మక్కలును ఈ దారినే అంగడికి జేరును. గంజాయి మూటలును ఇట్టి దారులనే పోవుచున్నవి. పాఠశాల పత్రికలో గంజాయి మాట యేల యని పెద్దలు కొందఱు మమ్మడుగవచ్చును. ఆ మూటలతో పట్టుబడి చెఱసాలకు బోవు యువకులలో ననేకులు నిన్నమొన్నటివఱకు ఏదో యొక పాఠశాలలో బల్లపై గూర్చున్నవారే. కావున ఈ మాట యిచ్చట నాడుట మా విధియని తలంచుచున్నాము.

ఈ పైరును గూర్చి పల్లెలలో నొక భ్రమ గలదు. ప్రత్తి చేనిలోనో, కంది సాళ్ల నడుమనో కొన్ని మొక్కలు వేసిన అప్పు తీఱునని చెప్పువారున్నారు. వాన తప్పి, బోరు ఎండి, వడ్డీ పెరిగిన రైతునకు ఆ మాట చెవి కింపుగా నుండుట వింతగాదు. కాని లెక్క పూర్తిగా వేసి చూడవలెను. నగరమున సరకు ఎంతకు అమ్ముడుపోయినను ఆ ధర రైతునకు రాదు. కొనువాడు తన ఊరు పేరు చెప్పడు, చీటీ వ్రాయడు. పైకము ఎగవేసినచో రైతు ఏ కచేరికి పోయి మొఱపెట్టుకొనగలడు? శిక్ష మాత్రము వానికే దగ్గఱగా నున్నది. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము ననుసరించి గంజాయి మొక్కను పెంచుటకే 10 ఏండ్లవఱకు కఠిన కారాగారమును, లక్ష రూపాయలవఱకు జరిమానాయు గలవు. రవాణాలో పట్టుబడిన సరకు 20 కిలోలకు మించినచో శిక్ష 10 ఏండ్లకు తక్కువ గాదు. 2021 అక్టోబరులో నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావుగారు గంజాయి పండించువారికి రైతుబంధు సాయమును నిలుపవలెనని యాదేశించిరి. కొన్ని మొక్కలకై చేను మీది సాయమంతయు పోగొట్టుకొనుట ఏపాటి లాభము?

ఈ పైరు పెద్దయెత్తున సాగిన చోట నేమి జరిగెనో విశాఖ మన్యమును జూచిన తెలియును. అచ్చటి కొండలలో గిరిజనులు సాగుచేయగా, బయటినుండి వచ్చిన వర్తకులు పెట్టుబడి పెట్టి సరకు దూరరాష్ట్రములకు తరలించిరి. 2021 చివర ఆంధ్రప్రదేశ్ పోలీసులు 'పరివర్తన' యను పేర 7,000 ఎకరములకు పైగా తోటలను నఱికించిరి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి చెంత రమారమి 2 లక్షల కిలోల గంజాయిని తగులబెట్టిరి. కాలిపోయిన పైరుతోపాటు గిరిజనుని ఏటి కష్టమును పోయెను. కూలికి మూటలు మోసిన పడుచువాండ్రు వ్యాజ్యములలో చిక్కిరి.

ఇతర దేశములలో దీనిని అంగళ్లలో బహిరంగముగా నమ్ముచున్నారుగదా, మనమేల అట్లు చేయరాదని మా పెద్ద తరగతుల విద్యార్థులలో కొందఱు వాదింతురు. ఆ వాదమును త్రోసివేయక విచారింతము. అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున 2014 జనవరి 1వ తేదీనుండి అట్టి అంగళ్లు నడుచుచున్నవి. ఆ పన్నులో కొంత భాగము బడి భవనములకు వ్యయమగుచున్నమాట నిజమే. కాని అచ్చటనైనను 21 ఏండ్లు నిండనివారికి అమ్మరాదు. కాలిఫోర్నియాలో సాగు విస్తరించి ధర పడిపోగా హంబోల్టు సీమలోని చిన్న రైతులు చితికిరి. అనుమతిలేని తోటలును మాయముగాలేదు. థాయిలాండు 2022లో గంజాయికి స్వేచ్ఛ నిచ్చి, 2025లో వైద్యుని చీటీ లేక అమ్మరాదని మరల కట్టడి చేసెను. కావున చట్టము మాఱినంతనే పల్లె బాగుపడునని నమ్మరాదు.

ఇక మా పాఠశాలకు సంబంధించిన మాట. విద్యార్థి యొకడు గంజాయి త్రాగెనని తెలిసినంతనే తల్లిదండ్రులు పరువునకు వెఱచి దాచుదురు. పాఠశాలలు పేరు కొట్టివేసి చేతులు కడుగుకొనును. ఈ రెండును తప్పేయని మా అభిప్రాయము. పేరు కొట్టివేయబడిన బాలుడు పగలంతయు ఎవరి చెంత కాలము గడపును? మొదట ఉచితముగా నిచ్చినవాని చెంతనే. తరువాత పైకము కొఱకు ఇంటిలోని ఇత్తడి చెంబును, తల్లి ముక్కుపుడకను అమ్మును. అవి తీఱినపిదప మూట మోయును.

చట్టము సైతము ఇంత కఠినము గాదు. అలవాటుపడినవాడు తనంత తాను గుర్తింపుగల వైద్యశాలలో చికిత్సకు జేరి దానిని పూర్తిచేసినచో, స్వల్పపరిమాణపు నేరమునకు విచారణలేకుండ 64-ఏ విభాగము కాపాడుచున్నది. బాలునిచే మూట మోయించిన పెద్దవానికి మాత్రము 2015 నాటి బాలల న్యాయచట్టము 7 ఏండ్లవఱకు శిక్ష విధించుచున్నది. ఈ వివేకమునే మనమును పాటింపవలెను.

మన ప్రాంతమున దీనికొక పూర్వోదాహరణము గలదు. ఊరు వెలివేసిన కుష్ఠరోగులకై 1915లో డిచ్‌పల్లియందు మెథడిస్టు మిషనువారి వైద్యురాలు ఇసబెల్ కెర్ దొరసానిగారు వైద్యశాల నెలకొల్పిరి. రాజా నర్సాగౌడుగారు ధనమిచ్చి తోడ్పడిరి. వెలివేయుటకంటె చేరదీయుటయే ఊరికిని మేలని ఆ వైద్యశాల చూపెను.

తల్లిదండ్రులారా, బిడ్డ దారితప్పెనని తోచిన దాచక ఉపాధ్యాయులతో చెప్పుడు. చికిత్సకు 14446 సంఖ్యకును, అమ్మువారిని గూర్చి 1908 సంఖ్యకును ఫోను చేయవచ్చును. తన భూమిలో ఈ మొక్క అక్రమముగా పెరుగుచున్నదని యెఱిగిన రైతు వెంటనే తెలుపవలెను; ఊరి సర్పంచికిని చట్టము ఇదే బాధ్యత విధించినది. విద్యార్థులారా, మీ స్నేహితుడు చిక్కుకొనిన, వానిపై చాడీ చెప్పుటయని జంకక మాకు తెలుపుడు. పాఠశాలాధికారులు అట్టి బాలుని పేరు కొట్టివేయక, చికిత్స ముగిసినంతనే అతని బల్ల అతనికి మరల నిచ్చెదమని ఈ సంవత్సరమే నియమము చేయవలెనని వినయపూర్వకముగా కోరుచున్నాము.