నరాల జబ్బుకు పేరున్న మందు కాదు, పనిచేసే మందు కావాలి

ఒక వ్యాధికి పనికివచ్చిన మందు దానిని పోలిన మరో వ్యాధికీ పనికివస్తుందని ఆశించడం సహజం. ఆ ఆశను పరీక్షకు నిలపకుండా రోగి చేత కొనిపించడం మాత్రం అన్యాయం. ఇంటర్‌ఫెరాన్ చరిత్ర నేర్పుతున్న పాఠం ఇదే.

1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే శాస్త్రజ్ఞులు ఇంటర్‌ఫెరాన్‌ను కనుగొన్నారు. దాని బీటా రకానికి 1993లో అమెరికాలో మల్టిపుల్ స్క్లెరోసిస్ చికిత్సకు అనుమతి లభించింది. ఆ వ్యాధిలో శరీర రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాములలోని మైలిన్ పొరను దెబ్బతీస్తుంది. అదే తరహా దాడి కాళ్లు, చేతుల నరాలపై సాగితే దానిని వైద్యులు సి.ఐ.డి.పి. అంటారు. రోగి మెట్లెక్కలేడు, చొక్కా బొత్తాలు పెట్టుకోలేడు. సకాలంలో చికిత్స అందితే చాలామంది కోలుకుంటారు.

దాడి ఒకే తీరుది కనుక మందు కూడా ఒకటే కావచ్చునని పరిశోధకులు భావించారు. ఇమ్యునోగ్లోబ్యులిన్‌పై ఆధారపడిన 67 మంది రోగులపై జరిపిన పరీక్ష ఫలితాలు 2010లో వెలువడ్డాయి. 16వ వారం తరువాత ఇంటర్‌ఫెరాన్ బీటా పొందినవారికి శరీర బరువులో కిలోకు 1.20 గ్రాముల ఇమ్యునోగ్లోబ్యులిన్ అవసరమైంది. ఉత్తుత్తి సూది పొందినవారికి 1.34 గ్రాములు. ఈ స్వల్ప తేడాను మందు మహిమగా పరిగణించలేము. పైగా, ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా వాడిన కొందరు హెపటైటిస్ రోగులలో ఈ నరాల జబ్బే తలెత్తినట్లు వైద్య సాహిత్యంలో నమోదయింది.

కాగా, పనిచేసే చికిత్సలు లేకపోలేదు. చవకైన స్టిరాయిడ్ ప్రెడ్నిసోన్ మేలుచేస్తుందని 1982లోనే పరీక్షలో తేలింది. దీర్ఘకాలం వాడితే మధుమేహం, ఎముకల బలహీనత వంటి చిక్కులున్నందున వైద్యుని పర్యవేక్షణ తప్పనిసరి. ప్లాస్మా మార్పిడి మరో మార్గం. ఇమ్యునోగ్లోబ్యులిన్ ప్రయోజనాన్ని 2008 నాటి పెద్ద పరీక్ష ధ్రువపరిచింది.

ఇమ్యునోగ్లోబ్యులిన్‌తో వచ్చే చిక్కు ఖర్చు. తొలి విడతలో కిలో బరువుకు 2 గ్రాముల లెక్కన 60 కిలోల మనిషికి 120 గ్రాములు కావాలి. లీటరు ప్లాస్మా నుంచి సుమారు 4 గ్రాములే లభిస్తాయి. అంటే ఒక్క రోగి తొలి విడతకే దాదాపు 30 లీటర్లు, వందమందికి పైగా దాతల రక్తంలోని ప్లాస్మా అవసరం. ఆపై మూడు వారాలకొకసారి మళ్లీ మందెక్కించవలసి రావచ్చు. ఆస్తులమ్మి తొలి విడత చేయించుకున్న కుటుంబం మలి విడతలకు ఎక్కడికి పోవాలి?

ప్రభుత్వాలు చేయవలసినవి మూడు. మొదటిది, నరాల వాహకత పరీక్షను జిల్లా ఆసుపత్రులకు చేర్చడం. ప్రతి తిమ్మిరినీ మధుమేహం ఖాతాలో వేస్తే విలువైన కాలం గడిచిపోతుంది. రెండవది, దానం చేసిన రక్తం నుంచి ప్లాస్మాను వేరుచేసి వృథా కాకుండా మందుల తయారీకి మళ్లించడం. మూడవది, ఆరోగ్య బీమా. ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు భరోసా ఇస్తున్నా, అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన రోగికోసం రూపొందినది. ఏళ్ల తరబడి సాగే చికిత్సకు వేరే ఏర్పాటు అవసరం.

రుజువైన మందును పేదవానికి అందని ఎత్తున ఉంచి, రుజువు కాని మందుపై అతనికి ఆశలు కల్పించడం వైద్యం అనిపించుకోదు.