వెట్టోడి మనవడికి నోటీసు

మా తాత కోనసీమలో ఒక లంక ఊళ్లో వెట్టి. మునసబు ఇచ్చిన నోటీసులు ఇంటింటికీ చేర్చడం ఆయన పని. చేర్చడమంటే చేతికివ్వడం కాదు. అరుగు చివర కాగితం పెట్టి, ఎగిరిపోకుండా బెడ్డ పెట్టి, పదడుగులు వెనక్కొచ్చి "బాబయ్యా, కాయితం" అని కేకెయ్యాలి. ఆయన వెళ్లాక అరుగు మీద నీళ్లు చల్లేవారు. శిస్తు కట్టమన్న కాగితానికి మైల లేదు, తెచ్చినోడికుంది. కోర్టు అమీనా జప్తుకొస్తే ముందు తప్పెట కొట్టుకుంటూ నడిచిందీ ఆయనే. ఎవరి కొంపకి గడువు తీరిందో ఊరందరికీ చాటిన మనిషికి తన గుడిసె కింద నేలకి కాగితం లేదు.

ఆయన మనవణ్ణి నేను. 1995లో టీచరు ఉద్యోగమొచ్చి కోటిపల్లి రేవు దాటి ద్రాక్షారామం వచ్చాను. గుడికి రెండు వీధుల అవతల ఓ వెనక వాటా దొరికింది. చిన్న డాబా, గది, వంటిల్లు, నెలకి మూడొందలు. ముందున్న పెంకుటింట్లో ఇంటివాళ్లు.

"మీరేవుట్లండి మేష్టారూ?" అన్నాడు ఇంటాయన.

"టీచర్లవండి" అన్నాను.

నవ్వేశాడు. నేను అబద్ధం ఆడలేదు, నిజమూ చెప్పలేదు. ఆ సిగ్గు ఇవాళ్టికీ ఉంది. దాన్ని దాచుకుని ఇంటాయన మీద మాత్రమే రాస్తే ఇది రాయనక్కర్లేదు. 1917లో అమెరికాలో చదివొచ్చిన అంబేద్కర్‌కి బరోడాలో గది దొరకలేదు. పార్సీ పేరు పెట్టుకుని పార్సీ సత్రంలో దిగారు. పదకొండో రోజు కర్రలతో గుంపొచ్చి సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమంది. అంతటి మనిషికే తప్పలేదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

1996 అక్టోబరులో అమ్మొచ్చింది. ఆదివారం పొద్దున్నే తెల్లచీర కట్టుకుని, సంచీ పట్టుకుని బయల్దేరింది. "ఎక్కడికండి పిన్నిగారూ?" అంది ఇంటావిడ. "గుడికండమ్మా." ఆవిడ మురిసిపోయింది, భీమేశ్వరుడి దగ్గరికనుకుని. మధ్యాన్నం తిరిగొచ్చాక "ప్రసాదం ఏదండి?" అంది. మా వాళ్లు చర్చిని గుడే అంటారు. అమ్మకి దాచుకోవడం తెలీదు. "పేటలో గుడండమ్మా, ప్రార్థనకెళ్లేను" అంది.

సాయంత్రం నుంచి మోటారు వెయ్యలేదు. నూతి దగ్గర చేద కనపళ్లేదు. ఎవరూ 'మాల' అనలేదు. గోదావరి మర్యాద అలాంటిది. "ఏవనుకోకండి మేష్టారూ, మా అబ్బాయి కుటుంబంతో వచ్చేత్తన్నాడండి" అన్నారంతే. పద్దెనిమిదో తారీకున రిజిస్టర్డు పోస్టులో వకీలు నోటీసొచ్చింది. సొంత అవసరాల నిమిత్తం 31వ తేదీకల్లా ఖాళీ చెయ్యాలని, ఇంగ్లీషులో.

"తీసుకోకు, తిప్పి పంపెయ్" అన్నాడు తోటి మేష్టారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఎవరు చెప్పినా ఆ పని చెయ్యకండి. పోస్టుమాన్ 'తిరస్కరించారు' అని రాసుకుపోతే కోర్టు లెక్కలో అది అందినట్టే. సంతకం పెట్టండి, పక్కన తేదీ వెయ్యండి. 2025లో రిజిస్టర్డు పోస్టుని స్పీడు పోస్టులో కలిపేశారు. పేరు మారింది గాని ఈ సంగతి మారలేదు. ఆ తేదీయే నన్ను కాపాడింది.

పక్కనున్న రామచంద్రపురం మునిసిపాలిటీ. అక్కడ అప్పట్లో 1960 నాటి అద్దె కంట్రోలు చట్టం ఉండేది. ఖాళీ చేయించాలంటే ఇంటాయన కారణం చెప్పి రుజువు చెయ్యాలి. ద్రాక్షారామం పంచాయితీ. ఇక్కడ తెల్లవాడు 1882లో చేసిన ఆస్తి బదిలీ చట్టమే దిక్కు. దాన్లో 106వ సెక్షను. నెలవారీ అద్దెకైతే పదిహేను రోజుల గడువు, అప్పట్లో అది అద్దె నెల ఆఖరుతో ముగియాల్సి ఉండేది. నాకు అందింది పద్దెనిమిదిన. మా వకీలు వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. పదమూడు రోజులే. చెల్లదని జవాబు పంపాం. (2002 సవరణతో ఆ సందూ పూడ్చేశారు. గడువు తక్కువ రాసినా, పదిహేను రోజులూ దాటాక దావా వేస్తే సరిపోతుంది.)

నా గొడవ రోజుల లెక్కతో కాదు. ఆ సెక్షనుకి కారణం అక్కర్లేదు. ఇంటాయనైనా, అద్దెకున్నవాడైనా ఎవరు ఎవరికైనా ఇవ్వొచ్చు. సమానమట! ఆయనకి పదిహేను రోజుల్లో ఇంకో అద్దెదారు దొరుకుతాడు. నాకు పదిహేను రోజుల్లో ఇంకో కులం దొరకాలి. 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో అప్పట్లో 3(1)(v) ఉండేది. భూమే కాదు, ఆవరణ, నీరు అన్న మాటలు కూడా దాన్లో ఉండేవి. "మోటారు కట్టేశారు కదా?" అన్నాను. "కాయితంలో కులం ఎక్కడుంది మేష్టారూ?" అన్నాడు వకీలు. లేదు. ఉండదు. 1985లో కారంచేడుకి, 1991లో చుండూరుకి గొడ్డళ్లొచ్చాయి గనక లోకం చూసింది. నాకొచ్చింది పోస్టు. దాన్ని చూడ్డానికి ఎవరొస్తారు? 2021లో కేంద్రం మాదిరి అద్దె చట్టం రాసి రాష్ట్రాలకు పంపింది. కులం చూసి ఇల్లు లేదనకూడదన్న ముక్క దాన్లోనూ లేదు. జిల్లాకి అంబేద్కర్ పేరు వద్దని 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. బోర్డు మీదే ఓర్చలేనివాళ్లు వెనక వాటాలో ఓరుస్తారా?

ఈ ఊరి కథ ఒకటుంది. కాశీలో భిక్ష పుట్టక కోపమొచ్చిన వ్యాసుణ్ణి శివుడు ఊరు వదిలి పొమ్మంటే, ఆయన ద్రాక్షారామమే చేరాడని శ్రీనాథుడు భీమఖండంలో రాశాడు. బెస్తపడుచు కొడుక్కి దేవుడూ గడువివ్వలేదు. అలా వెళ్లగొట్టినవాడికి చోటిచ్చామని చెప్పుకునే ఊరిది.

నవంబరు 6 రాత్రి తుపానొచ్చింది. కోనసీమలో కొబ్బరి తోటలకి తోటలు నేలకొరిగిన తుపాను. ఇంటాయన పెంకులు ఎగిరిపోయాయి. ఆరుగురూ తడుస్తూ వచ్చి మా డాబా వాటాలో తెల్లవార్లూ కూచున్నారు. ఇంటావిడ మా కుండలో నీళ్లు మనవరాలికి పట్టి, ఆ గ్లాసుతోనే తనూ తాగింది. అమ్మ తన దుప్పటి ఆవిడకి కప్పింది. ఏ గుడి అని ఎవరూ అడగలేదు. ఇహ అయిపోయింది, కలిసిపోయాం అనుకున్నాను నేను. అంత పిచ్చివాణ్ణి.

డిసెంబరు పదిన రెండో నోటీసు అందింది. నెలాఖరుకి గడువు. ఈసారి రోజులు సరిగ్గా లెక్కేశారు. పెంకుటిల్లు దెబ్బతిన్నందున తమకే కావాలని రాశారు. అది నిజం. నా కళ్లతో చూశాను. మొదటిది అబద్ధం, రెండోది నిజం, రెంటిదీ ఒకటే భాష, ఒకటే వకీలు సంతకం. ఇల్లు బాగుచేసుకున్నాక ఆ వాటా నాకు ఇస్తారా అని అడిగాను. ఇంటాయన తల దించుకుని "చూద్దారండి" అన్నాడు. ఆయన చెడ్డవాడని ఇప్పటికీ అనలేను. అదే ఇంకా కష్టం.

ఖాళీ చేస్తున్నామని జవాబు పంపాలి. తెలుగులో రాయమన్నాను. మొదటి వాక్యంగా, నా కక్షిదారు మాల కులస్తుడు, వెట్టి మనవడు అని పెట్టించాను. "కేసుకి సంబంధం లేదు మేష్టారూ" అని వకీలు కొట్టేశాడు. కోర్టు బయట టైపిస్టు దగ్గరికి నేనే వెళ్లి, ఆ వాక్యంతో మొదటి పేజీ మళ్లీ కొట్టించి తెచ్చాను. వకీలు ఏమీ అనకుండా సంతకం పెట్టాడు. టైపిస్టు రెండు రూపాయలు ఎక్కువ తీసుకున్నాడు.