ఎవరి కోసం ఈ బీడీ రాయితీ?

బీడీ మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. 2025 సెప్టెంబరు 3న జీఎస్టీ మండలి 56వ సమావేశం తీసుకున్న ఈ నిర్ణయం 2026 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. బీడీ చుట్టే తునికాకు మీద పన్నునైతే 18 నుంచి ఏకంగా 5 శాతానికి కోసేశారు. అదే మండలి అదే రోజు సిగరెట్టును, గుట్కాను, నమిలే పొగాకును 40 శాతం వరుసలో పెట్టింది. పొగాకు ప్రాణాలు తీస్తుంది కాబట్టే 40 శాతం అన్న మాట నిజమైతే బీడీకి ఈ మినహాయింపు ఎక్కడి నుంచి వచ్చింది? తగ్గింపును సమర్థించేవారు చెప్పే జవాబు ఒక్కటే: బీడీ కార్మికుల ఉపాధి. ఈ నిర్ణయం చుట్టూ వినిపిస్తున్న మాటలన్నింటిలోకీ నిజాయతీ లేని మాట అదే.

బీడీ కాల్చేది ఎవరో ఏలూరు ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో ఒక లారీ దించి రెండో లారీ ఎక్కేలోగా ముఠా కార్మికుడు వెలిగించేది బీడీయే. కొల్లేటి చేపల చెరువు గట్టున రాత్రంతా కాపలా ఉండే మనిషికి, తెల్లవారుజామున పట్టుబడికి మొలలోతు నీళ్లలో దిగి వల లాగే కూలీకి, కైకలూరు, ఆకివీడు వైపు ఐసు కొట్టి పెట్టెలు నింపే కుర్రాడికి అందుబాటులో ఉన్న పొగ అదే. బడ్డీ కొట్టు రాటకు కట్టిన కొబ్బరితాడు చివర నిప్పు రాజుకుంటూనే ఉంటుంది. కట్ట కొనలేనివాడు విడిగా రెండు బీడీలు తీసుకుని, అగ్గిపుల్ల ఖర్చు కూడా లేకుండా అక్కడే అంటించుకుని పనిలోకి పోతాడు.

అంకెలు కూడా ఇదే చెబుతున్నాయి. పెద్దవాళ్ల పొగాకు వాడకం మీద 2016-17లో జరిగిన గాట్స్-2 సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో సిగరెట్టు తాగేవారు 4 శాతం, బీడీ తాగేవారు 7.7 శాతం. అంటే 7 కోట్ల మందికి పైనే. దేశం మొత్తం మీద పొగ తాగేవారి కంటే పొగాకు నమిలేవారు రెట్టింపు. ఆంధ్రప్రదేశ్‌లో లెక్క తిరగబడింది: నమిలేవారు 7.1 శాతమైతే పొగ తాగేవారు 14.2 శాతం. పొగ తాగడంలో జాతీయ సగటు 10.7 శాతమే. కాబట్టి కాల్చే పొగాకులో ఏది చవకైనా ఆ దెబ్బ ఈ రాష్ట్రానికి చాలా రాష్ట్రాల కంటే గట్టిగా తగులుతుంది. పొగాకు పరిశోధనకు ఆంధ్ర పల్లెలు కొత్తవీ కావు. చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు అంగిలిని ఏం చేస్తుందో ప్రపంచ వైద్యలోకానికి వివరంగా చెప్పినవాటిలో ఒకటి ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనం. అలాంటి రాష్ట్రానికి ప్రాతినిధ్యం ఉన్న మండలిలో ఈ నిర్ణయం సాగిపోవడం మరింత బాధ కలిగించే విషయం.

బీడీ తేలికపాటి పొగ అన్న నమ్మకం పల్లెల్లో ఇంకా ఉంది. అది పూర్తిగా తప్పు. 2001లో అమెరికా శాస్త్రవేత్తలు బీడీలోని పొగాకును, సిగరెట్టులోని పొగాకును పక్కపక్కన పరీక్షించారు. గ్రాముకు నికోటిన్ బీడీలో 21.2 మిల్లీగ్రాములు తేలింది. ఫిల్టర్ సిగరెట్టులో 16.3, ఫిల్టర్ లేనిదానిలో 13.5. బీడీలో పొగాకు తక్కువ పడుతుంది నిజమే. కానీ తునికాకు సిగరెట్టు కాగితంలా దానంతటది కాలదు. వెంట వెంటనే, గట్టిగా దమ్ము లాగకపోతే బీడీ ఆరిపోతుంది. అలా లాగిన ప్రతి దమ్ముతో పొగ ఊపిరితిత్తుల లోతుకు దిగుతుంది, నికోటిన్ క్షణాల్లో మెదడుకు చేరుతుంది. డోపమైన్ విడుదలై కాసేపు హాయి అనిపిస్తుంది. నికోటిన్ తగ్గగానే చిరాకు, తలనొప్పి, పని మీద ధ్యాస నిలవకపోవడం మొదలవుతాయి. వాటిని ఆపుకోవడానికి మరో బీడీ. రోజుకు కట్ట కాల్చే మనిషికి మనోబలం లేదని తిట్టిపోయడం తేలిక. అది మెదడు నిర్మాణాన్నే మార్చేసిన జబ్బు అని వైద్యశాస్త్రం తేల్చి దశాబ్దాలు గడిచాయి.

ఆ జబ్బు ఎంత ఆయుష్షు తింటుందో కూడా తెలుసు. పరిశోధకుడు ప్రభాత్ ఝా బృందం 2008లో ప్రచురించిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం బీడీ కాల్చే మగవాడు సగటున 6 ఏళ్లు, ఆడమనిషి 8 ఏళ్లు ముందుగా చనిపోతున్నారు. 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చిన తమిళనాడు పరిశోధన 43 వేల మంది మగవారి మరణాలను పరిశీలించి, పొగ తాగేవారు క్షయతో చనిపోయే ప్రమాదం తాగనివారి కంటే 4 రెట్లకు పైగా ఉందని చూపింది. ఇరుకు గదుల్లో, చెరువు గట్టు పాకల్లో పడుకునే వలస కూలీలున్న చోట ఈ సంగతిని పక్కన పెట్టగల ఆరోగ్య విధానం ఉండదు.

ఇక కార్మికుల ఉపాధి అన్న వాదన సంగతి చూడాలి. పన్నుకు ముందు 25 రూపాయలు పలికే బీడీ కట్ట ఒకటి ఉందనుకుంటే, 28 శాతం పన్నుతో అది 32 రూపాయలు. 18 శాతంతో 29 రూపాయల 50 పైసలు. తేడా రెండున్నర రూపాయలు. ఈ రెండున్నర బీడీ చుట్టిన నిజామాబాద్ మహిళ చేతికి చేరే దారి ఏది? ఆమెకు కూలి వెయ్యి బీడీల లెక్కన ముడుతుంది. ఆ రేటుకూ జీఎస్టీ శ్లాబుకూ ఏ సంబంధమూ లేదు. పన్ను తగ్గిస్తే కూలి పెంచాలన్న షరతు ఈ నిర్ణయంలో ఎక్కడా లేదు. కంపెనీ ధర తగ్గించకపోతే రెండున్నర రూపాయలూ యజమాని లాభంలో కలుస్తాయి. ధర తగ్గిస్తే కాల్చేవాడి జేబులో మిగులుతాయి. చుట్టిన చేతికి రెండు విధాలుగానూ దక్కేది ఏమీ లేదు.

ఆమెకు ఏదైనా మేలు జరగాలంటే మిగిలిన దారి ఒక్కటే. బీడీ చవకై, మరిన్ని బీడీలు అమ్ముడుపోయి, చుట్టే పని దినాలు పెరగాలి. తగ్గింపు సమర్థకులు పైకి అనలేని మాట ఇదే. ఉపాధి వాదం నిజం కావాలంటే దేశంలో బీడీ వాడకం పెరిగి తీరాలి. వాడకం పెరగకపోతే ఉపాధి పెరగదు. పెరిగితే క్షయ, క్యాన్సర్, గుండెపోటు పెరుగుతాయి. నిజామాబాద్‌లోనో సిరిసిల్లలోనో ఒక పేద మహిళకు నాలుగు రోజుల పని కోసం తాడేపల్లిగూడెం ముఠా కార్మికుడు, కొల్లేటి కాపలాదారు తమ ఊపిరితిత్తులు ఇవ్వాలన్నమాట. ఒక పేదవాడి కూలిని ఇంకో పేదవాడి ఆయుష్షుతో చెల్లించే ఈ ఏర్పాటును సంక్షేమం అనడం ఇద్దరినీ అవమానించడమే.

బీడీ కార్మికుల మీద ఈ ప్రేమ ఎంత పాతదో చూస్తే అసలు సంగతి ఇంకా స్పష్టమవుతుంది. వాళ్ల ఆసుపత్రులకు, పిల్లల ఉపకార వేతనాలకు, ఇళ్లకు డబ్బు సమకూర్చడానికి 1976లోనే పార్లమెంటు ప్రత్యేక సంక్షేమ నిధి చట్టం, దానికి తోడు బీడీల మీద సెస్సు చట్టం చేసింది. వసూలైన సెస్సు నేరుగా కార్మికుల కోసమే. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఆ సెస్సును రద్దు చేశారు. దేశంలో దాదాపు 50 లక్షల మంది నమోదైన బీడీ కార్మికులకు సొంత ఆదాయ వనరు అలా పోయింది. కార్మికుల పేరు మీద వసూలయ్యే పైసలను రద్దు చేసినప్పుడు గుర్తుకు రాని ఉపాధి, సంక్షేమం, కంపెనీల పన్ను కోసే రోజున గుర్తుకొచ్చాయి. బీడీ చుట్టే మహిళ రోజంతా పొగాకు దుమ్ము పీలుస్తుంది, ఆమె చర్మం ద్వారా కూడా నికోటిన్ ఒంట్లోకి వెళుతుంది. ఆమెకు నిజంగా చేయూతనివ్వాలనుకునే ప్రభుత్వానికి మార్గాలున్నాయి. తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు ఆసరా పింఛను 2,016 రూపాయలు ఇచ్చింది. దానికోసం బీడీని చవక చేయాల్సిన అవసరం రాలేదు.

తునికాకు మీద పన్ను తగ్గింపు కూడా ఇలాంటిదే. ఏలూరు జిల్లా ఏజెన్సీలో ఎండలు ముదిరిన నెలల్లో తెల్లారకముందే అడవికి వెళ్లి ఆకు కోసి, 50 ఆకుల చొప్పున కట్టలు కట్టి కల్లంలో ఆరబెట్టే కోయ కుటుంబాలకు కట్టకు ఇంత అని రేటు ముందే ఖరారవుతుంది. ఆకు కొనుగోలుదారు కట్టే పన్ను తగ్గితే ఆ కట్ట రేటు పైసా పెరగదు. అడవిబిడ్డల పేరు కూడా ఈ వాదనకు అరువు తెచ్చుకున్నదే.

ఖజానా లెక్క చూసినా ఈ నిర్ణయానికి సమర్థన దొరకదు. ఆర్థికవేత్త రిజో జాన్ అంచనా ప్రకారం బీడీ వల్ల వచ్చే జబ్బులు, మరణాల కారణంగా 2017లో దేశం నష్టపోయింది 80,550 కోట్ల రూపాయలు. అందులో సుమారు ఐదింట నాలుగు వంతులు వైద్యం ఖర్చు కాదు. మనిషి మంచాన పడి, లేదా ముందుగా చనిపోయి కుటుంబం కోల్పోయిన సంపాదన. బీడీ మీద అంతకు ముందు ఏడాది వచ్చిన పన్ను ఆ నష్టంలో అర శాతం. పొగాకు ధరలో పన్ను వాటా కనీసం 75 శాతం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బీడీ కట్ట ధరలో జీఎస్టీ వాటా 28 శాతం రేటు దగ్గరే 22 శాతం. ఇప్పుడు 15 శాతానికి పడిపోయింది. భారతదేశం 2004లో ఆమోదించిన పొగాకు నియంత్రణ ఒప్పందం ధరలు పెంచమంటుంది, పొగాకు కార్మికులకు వేరే జీవనోపాధి చూపమంటుంది. కేంద్రం మొదటిదానికి ఎదురు నడిచి, రెండోదాన్ని సాకుగా వాడుకుంటోంది.

సిగరెట్టుకు 40, బీడీకి 18 అన్న ఈ దూరం మరో హాని కూడా చేస్తుంది. సిగరెట్టు ధర పెరిగినప్పుడు కొందరు మానేస్తారు. పక్కనే చవక బీడీ ఉంటే మానాల్సినవాడు బీడీకి దిగుతాడు. సిగరెట్టు మీద పన్ను పెంచి సాధించాల్సిన ప్రయోజనాన్ని బీడీ రాయితీ ఒకవైపు నుంచి కరిగించేస్తుంది. ధరకు బీడీ తాగేవారు ఎంతగా స్పందిస్తారో పరిశోధనలు చూపాయి: బీడీ ధర 10 శాతం పెరిగితే వాడకం సుమారు 9 శాతం తగ్గుతుంది. సిగరెట్టు విషయంలో ఆ తగ్గుదల అంతకంటే చాలా తక్కువ. అంటే పన్ను అనే మందు అందరికంటే బాగా పనిచేసే చోటే దాన్ని తగ్గించారు. పేదవాడి మీద పన్ను భారం మోపడం అన్యాయం అనేవారు ఈ అంకెను చూడాలి. ధర పెరిగినప్పుడు అందరికంటే ముందు మానేది, మానేసి అందరికంటే ఎక్కువ ఆయుష్షు, ఆదాయం మిగుల్చుకునేది పేదవాడే.

బీడీ మీద ఆధారపడ్డ లక్షల మంది మహిళలకు రేపు వేరే పని దొరకడం తేలిక కాదన్నది నిజం. ఆ మార్పుకు ఏళ్లు పడుతుంది. పన్ను పెంచితే లెక్కల్లోకి రాని చిన్న తయారీదారులు పెరుగుతారన్న భయంలోనూ కొంత నిజముంది. దానికి నిఘా కావాలి. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం వేలం కేంద్రాలకు వచ్చే వర్జీనియా పొగాకు సిగరెట్టుకు పోయేది కాబట్టి ఆ మెట్ట రైతులను ఈ చర్చలోకి లాగడంలో మాత్రం అర్థం లేదు.

పొగ మానాలనుకునేవారు మన మధ్యే ఉన్నారు. గాట్స్-2 ప్రకారం దేశంలో పొగ తాగేవారిలో సగానికి పైగా మానాలని ఆలోచిస్తున్నవారే. వాళ్లకు కావలసింది సలహా, నికోటిన్ ప్యాచీలు, చూయింగ్ గమ్, అవసరమైతే మాత్రలు. ఏలూరులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అక్కడ పొగాకు మాన్పించే వైద్యం ప్రతిరోజూ, ఉచితంగా, పని మానుకోకుండా కూలీ రాగలిగే వేళల్లో అందాలి. ఉల్లి మార్కెట్‌కు, చేపల ప్యాకింగ్ కేంద్రాలకు ఆ వైద్యులే వెళ్లాలి. కేంద్రం నడిపే ఉచిత ఫోన్ సేవ 1800-112-356 నంబరు ప్రతి బడ్డీ కొట్టు దగ్గర కనిపించాలి.

బీడీని కూడా 40 శాతం శ్లాబులోకి తేవాలి. అదనంగా వచ్చే డబ్బును, రద్దయిన సెస్సు స్థానంలో, బీడీ చుట్టే మహిళల వైద్యానికి, పింఛనుకు, వేరే పనిలో శిక్షణకు చట్టబద్ధంగా కేటాయించాలి. జీఎస్టీ మండలిలో ప్రతి రాష్ట్రానికీ ఓటు ఉంది. ఆంధ్రప్రదేశ్ ఓటు ఆర్థికమంత్రి పయ్యావుల కేశవ్ చేతిలో ఉంది. మండలి తదుపరి సమావేశంలో ఈ ప్రతిపాదన ఆయనే పెట్టాలి.