హాల్లో హోరు

మా ఇంట్లో కంప్యూటర్ హాల్లో ఉంటుంది. గదిలో పెడితే అబ్బాయి తలుపేసుకుని కూర్చుంటాడని పట్టుబట్టి హాల్లో పెట్టించింది నేనే. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటున్నాను, ఎందుకంటే జరిగినదాంట్లో నా వాటా కూడా ఉంది.

వాడు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. కాలేజీ నుంచి వచ్చింది మొదలు ప్రాజెక్టనీ, వీడియో ఎడిటింగనీ రాత్రి పదకొండు దాకా దాని ముందే. వాడు పని మొదలుపెట్టగానే ఆ పెట్టెలోంచి సన్నగా కూత మొదలవుతుంది. పని పెరిగితే కూతా పెరుగుతుంది. కుక్కర్ విజిళ్ళ మధ్య వంటింట్లో ఉండే నాకు అదో లెక్కలోకి రాలేదు. మా వారైతే "ఫ్యానన్నాక తిరగదా?" అని తేల్చేశారు.

ఆ పెట్టె పక్కనే, కిటికీ దగ్గర, మా మామయ్యగారి పడక్కుర్చీ. ఆయనకి 78 ఏళ్ళు. రెండేళ్ళ కిందట చెవి మిషను కొన్నాం. పొద్దున్న పేపరు చదువుతూ నాతో బోలెడు కబుర్లు చెప్పే మనిషి, సాయంత్రమయ్యేసరికి మిషను తీసి డబ్బాలో పెట్టేసేవారు. భోజనాల దగ్గర మేమంతా మాట్లాడుకుంటుంటే కంచంలోకి చూస్తూ తినేసి లేచిపోయేవారు. "మీ నాన్నగారు ఈమధ్య మూగనోము పట్టారు" అని మా ఆడపడుచుతో ఫోన్లో నవ్వుతూ అన్నది కూడా నేనే. వయసు మీద పడిందిలే అనుకున్నాం.

దసరా సెలవులకి అబ్బాయి స్నేహితులతో ఊరెళ్ళాడు. మర్నాడు సాయంత్రం నేను హాల్లో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే, మామయ్యగారు తనంతట తనే చిన్నప్పుడు వాళ్ళ ఊరి చెరువు తెగిన సంగతి ఎత్తుకున్నారు. చూస్తే చెవికి మిషను ఉంది.

"ఇవాళ తియ్యలేదేం మామయ్యగారూ?" అన్నాను.

"ఆ పెట్టె కుయ్యిమనడం లేదు కదమ్మా."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"పిల్లాడి చదువు కదా."

నాకు చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

తర్వాత తెలుసుకున్నాను. చెవి మిషను మన మాటలతో పాటు పక్కనున్న మోతని కూడా పెద్దది చేస్తుంది. పైగా వయసొచ్చాక ముందుగా వినపడకుండా పోయేవి సన్నని శబ్దాలు. స, శ, ఫ లాంటి అక్షరాలు ఆ కోవలోవే. చిన్న ఫ్యాను కూత సరిగ్గా వాటినే మింగేస్తుంది. సీలింగ్ ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది కదా అంటారేమో. దాని చప్పుడు బొంగురుగా, ఒకేలా ఉంటుంది, చెవి దానికి అలవాటు పడుతుంది. ఇది ఈలలాగా పెరుగుతూ తరుగుతూ ఉంటే అలవాటు పడేదెలా?

అబ్బాయి తిరిగొచ్చాక విషయం చెప్పాను. పాపం, వాడి మొహం చిన్నబోయింది. వెంటనే "రంగు లైట్లున్న వాటర్ కూలర్ వేయిద్దామమ్మా" అన్నాడు! నీళ్ళతో చల్లబరిచే దానికీ ఒక పంపు, దాని మీద మళ్ళీ ఫ్యాన్లు ఉంటాయని తెలిసి వద్దన్నాను.

ముందు పైసా ఖర్చు లేని పని చేశాం. ప్లగ్గు తీసి, ఫ్యాను రెక్కలు తిరక్కుండా వేలితో పట్టుకుని, బ్రష్షుతో దుమ్ము దులిపాం. దుమ్ము పట్టి వేడి బయటికి పోకపోతే ఫ్యాను ఇంకా వేగంగా తిరుగుతుంది మరి. కొంచెం తగ్గింది గానీ, చాల్లేదు.

కొనేటప్పుడు నేను పట్టుబట్టినవి చెబుతాను, మీకూ పనికొస్తాయి. ఒకటి, ఫ్యాను పెద్దదై ఉండాలి. ప్రాసెసర్‌తో ఉచితంగా వచ్చే చిన్న ఫ్యాను గాలి చాలక గిరగిరా తిరుగుతుంది. 120 మిల్లీమీటర్లది నెమ్మదిగా తిరుగుతూనే అంత గాలీ తోలుతుంది. రెండు, వైరుకి నాలుగు పిన్నులుండాలి. అప్పుడు వేడిని బట్టి వేగం ఎంత పెరగాలో సెట్టింగుల్లో మనమే పెట్టుకోవచ్చు. మూడు, కొలతలు చూసుకోవాలి. ఇలాంటి కూలర్లు 150, 160 మిల్లీమీటర్ల ఎత్తుంటాయి. క్యాబినెట్‌లో అంత చోటు లేకపోతే తలుపు పట్టదు. ప్రాసెసర్ సాకెట్‌కి సరిపోతుందో లేదో కూడా షాపులో అడగాలి. డబ్బా మీద రాసిన డెసిబెల్స్‌లో 10 తేడా ఉంటే మన చెవికి దాదాపు రెట్టింపు చప్పుడు. కాకపోతే ఒక్కో కంపెనీ ఒక్కోలా కొలుస్తుంది కాబట్టి ఆ అంకెనొక్కదాన్నే నమ్ముకోకండి. గోధుమ రంగు ఫ్యాన్ల ఆస్ట్రియా కంపెనీ నాక్టువా నిశ్శబ్దానికి పేరుపడ్డదే గానీ, ధర చూసి దణ్ణం పెట్టాను. రెండున్నర వేలలో లైట్లు లేని సాదా కూలర్ వచ్చింది.

చప్పుడు పూర్తిగా పోయిందని చెప్పను. చెవి పెట్టి వింటే వినిపిస్తుంది. ఎండాకాలం గది వేడెక్కితే ఇంకాస్త పెరుగుతుంది కూడా. కానీ భోజనాల దగ్గర మామయ్యగారు మళ్ళీ మాట కలుపుతున్నారు, మనవడితో వాదిస్తున్నారు.

నా బాధల్లా ఒకటే. కంప్యూటర్ కొన్నప్పుడు వేగమెంత, మెమొరీ ఎంత, ఈఎంఐ ఎంత అని మా వారూ అబ్బాయీ పది రోజులు చర్చించుకున్నారు. రోజుకి ఆరు గంటలు దాని పక్కన కూర్చునే మనిషిని ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. నేనూ అడగలేదు. మన ఇళ్ళల్లో ఇంతే, సర్దుకుపోయేవాళ్ళని ఎవరూ అడగరు. వాళ్ళు చెప్పరు కూడా. చెప్పకపోతే ఇబ్బంది లేదనే అనుకుంటాం. ఇంట్లోకి మోతచేసే వస్తువు ఏదొచ్చినా, దాన్ని వాడేవాళ్ళతో పాటు వినేవాళ్ళని కూడా అడగాలి. ఆ అడిగే పని ఇంటి ఇల్లాలే మొదలుపెట్టాలని నాకనిపిస్తుంది, ఎవరెందుకు మౌనంగా ఉన్నారో కనిపెట్టేంతసేపు ఇంట్లో ఉండేది సాధారణంగా మనమే కాబట్టి.

అన్నట్టు, మామయ్యగారు ఇప్పటికీ ఒక్కోసారి మిషను తీసేస్తున్నారు, సరిగ్గా నా సీరియల్ టైముకి. దానికి మాత్రం ఏ ఫ్యాను మార్చినా లాభం లేదు!